చచ్చినవాడి మాటకు విలువెంత? ‘వెల్వెట్ బజ్‌సా’ మీద వచ్చిన ఫిర్యాదులకు ఒక జవాబు

2019 ఫిబ్రవరి 1న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘వెల్వెట్ బజ్‌సా’ గురించి ప్రేక్షకులు అప్పుడు ఏమన్నారో ఇప్పుడూ అదే అంటున్నారు. హారర్ కోసం కూర్చున్నవాళ్ళు భయం వెయ్యలేదన్నారు. ఆర్టు గ్యాలరీల సంగతి కాస్త తెలిసినవాళ్ళు ఇది పాత వెక్కిరింతే, కొత్తగా చెప్పిందేముందన్నారు. మిగిలినవాళ్ళు, ఒక్క మంచి మనిషి కూడా లేని సినిమాలో ఎవరు చస్తే మనకేంటని తేల్చేశారు. ‘నైట్‌క్రాలర్’ తీసిన డాన్ గిల్‌రాయ్, అందులో చేసిన జేక్ జిలెన్‌హాల్, రెనీ రుస్సో మళ్ళీ కలిసి పనిచేశారు కాబట్టి జనం ఎక్కువ ఆశించారు. నిరాశా అంతే గట్టిగా వచ్చింది.

భయాన్ని చావుల్లో వెతికారు కాబట్టే వాళ్ళకు దొరకలేదని నేనంటాను. ఈ సినిమాలో అసలు ఘోరం మొదటి భాగంలోనే, ఒక్క చుక్క నెత్తురు కారకుండా జరిగిపోతుంది. ఒక మనిషి తన బొమ్మలన్నిటినీ నాశనం చెయ్యమని చెప్పి పోయాడు. ఆ సంగతి తెలిసిన ఒక్కరు కూడా దాన్ని ఖాతరు చెయ్యలేదు. ఆ తర్వాత తెరమీద కనిపించేదంతా ఆర్టు వ్యాపారంలో మామూలుగా జరిగే తంతు. చాలావరకు చట్టం ఒప్పుకునే తంతు కూడా. ఆ తంతు ఎలా నడుస్తుందో తెలిసి చూస్తే ఈ సినిమా వేరుగా కనిపిస్తుంది. దాని అసలు లోపం కూడా అప్పుడే బయటపడుతుంది. ఆ లోపం జనం తిట్టిన చోట లేదు.

చూడనివాళ్ళకోసం కథ, ముగింపుతో సహా. లాస్ ఏంజెలెస్‌లో రొడోరా హేజ్ అనే పేరుమోసిన గ్యాలరీ యజమానురాలి దగ్గర జోసెఫీనా పనిచేస్తుంటుంది. ఆమె ఉండే అపార్టుమెంట్లోనే వెట్రిల్ డీజ్ అనే ముసలాయన చనిపోతాడు. నా అన్నవాళ్ళు లేరు, ఇల్లంతా బొమ్మలు. వాటినే నాశనం చెయ్యమని చెప్పి పోయాడు. జోసెఫీనా వాటిని ఎత్తుకొస్తుంది. మార్ఫ్ వాండెవాల్ట్ అనే విమర్శకుడు చూసి మహాద్భుతమంటాడు. రొడోరా ఆమెను బెదిరించి వ్యాపారం తన చేతిలోకి తీసుకుంటుంది. మ్యూజియంలో ప్రదర్శనలు కూర్చే గ్రెచెన్ అనే క్యూరేటర్ ఆ కొలువు మానేసి, ఒక డబ్బున్న ఆసామికి సలహాదారుగా చేరి, ఆయన చేత డీజ్ బొమ్మలు కొనిపిస్తుంది. అక్కణ్ణుంచి ఆ బొమ్మల మీద సంపాదించినవాళ్ళు ఒక్కొక్కరే పోతారు.

ముందు ‘లాజిక్ లేదు’ అనే ఫిర్యాదు చూద్దాం. శాపం డీజ్ బొమ్మలది కదా, మరి గ్రెచెన్‌ను చంపింది వేరే కళాకారుడి లోహపు గోళం, మార్ఫ్‌ను చంపింది హోబోమ్యాన్ అనే రోబో, రొడోరాను చంపింది ఆమె ఒంటిమీది పచ్చబొట్టు, ఇదెక్కడి లెక్క అని అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. జవాబు సినిమాలోనే ఉంది. ఎవరు బతికారో చూడండి. పియర్స్, డామ్‌రిష్ ఇద్దరూ చిత్రకారులు, ఇద్దరూ రొడోరా బేరంలోంచి తప్పుకున్నవాళ్ళు. వీళ్ళ దగ్గర సహాయకురాలిగా పనిచేసే కోకో, డీజ్ బొమ్మ ఒక్కటి కూడా అమ్మని మనిషి, ఆమె కూడా బతుకుతుంది. మార్ఫ్ చివర్లో పశ్చాత్తాపపడి ఆ బొమ్మల్ని కంటికి కనిపించకుండా దాచేయాలని చూస్తాడు, అయినా వదల్లేదు. ఎందుకంటే వాటి మీద పుస్తకం రాసే హక్కు ముందే పుచ్చుకున్నాడు. సినిమా మొదట్లో మయామీ ఆర్టు సంతలో తాను తీసిపారేసిన రోబో చేతిలోనే పోయాడు. శాపం రంగుకూ కాన్వాసుకూ అంటలేదు, బేరానికి అంటింది. బేరంలో చెయ్యి పెట్టినవాణ్ణి దగ్గర్లో ఏ కళాఖండం ఉంటే అది పట్టుకుంటుంది. ఈ సూత్రాన్ని సినిమా ఇంకాస్త స్పష్టంగా నాటి ఉండాల్సిందన్న మాట మాత్రం ఒప్పుకోవాలి. రొడోరాకు పోటీ గ్యాలరీ యజమాని జాన్ డాన్‌డాన్ చావు ఏదో హడావిడిగా తీసినట్టుంటుంది. అక్కడ సూత్రమూ కనిపించదు, భయమూ పుట్టదు.

ఇక డీజ్ గది దగ్గరికొద్దాం. సినిమా మొత్తానికి కీలకం ఇదే. ప్రేక్షకుల మాటల్లో దాదాపు ఎక్కడా వినిపించనిదీ ఇదే.

కాలిఫోర్నియాలో వారసులు కనిపించని మనిషి పోతే, అతని సొత్తును కౌంటీ పబ్లిక్ అడ్మినిస్ట్రేటర్ స్వాధీనం చేసుకోవాలి. వీలునామా ఉందా, చుట్టాలున్నారా అని వెతకాలి. ఎవరూ లేకపోతే ఆస్తి రాష్ట్రానికి పోతుంది. అక్కడ చేతిరాత వీలునామా చెల్లుతుంది. ముఖ్యమైన భాగాలు తన దస్తూరీలో రాసి సంతకం పెడితే చాలు, సాక్షులు అక్కర్లేదు. డీజ్ కోరిక అలా కాగితం మీద ఉండి ఉంటే దాన్ని కోర్టు ముందు పెట్టాల్సిందే. నోటిమాటగా చెప్పి ఉంటే చట్టం ముందు దానికి బలం లేదు. ఏ రకంగా చూసినా ఆ బొమ్మలు జోసెఫీనావి కావు. ఆమె చేసింది దొంగతనం.

చేతిరాత వీలునామా ఉన్నా సరే, ‘నాశనం చెయ్యండి’ అన్న మాటను కోర్టు మన్నిస్తుందన్న నమ్మకం లేదు. 1975లో మిస్సోరీ అప్పీళ్ళ కోర్టు ముందుకు ఇలాంటిదే ఒక కేసు వచ్చింది. సెయింట్ లూయిస్‌లో ఒకావిడ తన ఇల్లు కూలగొట్టించి స్థలం అమ్మమని వీలునామా రాసి పోయింది. కారణం రాయలేదు. ఇరుగుపొరుగువాళ్ళు కేసు వేశారు, కోర్టు కూల్చడానికి వీల్లేదంది. బతికుండగా సొంత ఇల్లు పడగొట్టుకోవచ్చు, పోయాక మాత్రం ఎవరికీ లాభం లేని వినాశనాన్ని సమాజం ఒప్పుకోదన్నది తీర్పు సారాంశం. అంటే డీజ్ కోరికను తోసిపుచ్చడానికి జోసెఫీనాలాంటి దొంగే అక్కర్లేదు, మర్యాదగల న్యాయమూర్తి కూడా తోసిపుచ్చవచ్చు. ఇది తలుచుకుంటే నాకు సినిమాలోని చావులన్నిటికంటే ఎక్కువ భయం వేస్తుంది.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది. బొమ్మ ఒకరిది, కాపీరైటు ఇంకొకరిది కావచ్చు. అమెరికా చట్టంలో కాన్వాసు చేతికి వచ్చినంత మాత్రాన దాన్ని అచ్చువేసే హక్కు రాదు. ఆ హక్కు చిత్రకారుడు పోయాక 70 ఏళ్ళ దాకా అతని వారసులదే. కాబట్టి రొడోరా మార్ఫ్‌కు కట్టబెట్టిన హక్కు అసలు ఆమె దగ్గర లేనే లేదు. ఆ పుస్తకంలో ఒక్క బొమ్మ అచ్చయినా కేసే. సినిమాలో దీని గురించి ఎవరూ నోరెత్తరు. బయట కూడా చాలా ఏళ్ళు ఎవరూ నోరెత్తకపోవడమే మామూలు.

షికాగోలో ఇది రెండుసార్లు జరిగింది. హెన్రీ డార్జర్ ఆసుపత్రుల్లో ఊడ్చి శుభ్రం చేసే పని చేసుకుంటూ ఒంటరిగా బతికి 1973లో పోయాడు. అతని గదిలో 15 వేల పేజీలు దాటిన నవల, దానికి వేసిన వందలాది బొమ్మలు ఇంటి యజమానులకు దొరికాయి. వాళ్ళు వాటిని కాపాడారు, ప్రపంచానికి చూపించారు, అమ్మారు. దాదాపు 50 ఏళ్ళ తర్వాత, 2022లో, దూరపు బంధువులు హక్కు మాదంటూ కోర్టుకెక్కారు. వివియన్ మాయర్ ఇళ్ళల్లో పిల్లల్ని చూసుకునే ఆయాగా బతుకుతూ లక్షకు పైగా ఫొటోలు తీసింది, దాదాపు ఎవరికీ చూపించలేదు. అద్దె బాకీ పడిన ఆమె స్టోరేజీ సామాను 2007లో వేలానికి వెళ్ళింది. ఒక కుర్రాడు సుమారు 400 డాలర్లకే వేలకొద్దీ నెగెటివ్‌లున్న పెట్టె పాడుకున్నాడు. ఆమె 2009లో పోయాక ఆ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. ప్రింట్లు వేసే హక్కు ఎవరిదన్న ప్రశ్న లేచాక, 2014లో కుక్ కౌంటీ పబ్లిక్ అడ్మినిస్ట్రేటర్ రంగంలోకి దిగాడు. 2016లో రాజీ కుదిరింది. ఈ రెండింటిలోనూ దొరికినవాళ్ళు దొంగలు కారు. ప్రేమతోనే కాపాడారు. అయినా, వీటిని జనానికి చూపించమని ఆ పోయినవాళ్ళు ఎవరితోనైనా అన్నారా అన్న ప్రశ్నకు జవాబు లేదు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఆర్టు మార్కెట్టులో ఆ చారెడు కళ్ళకు ధర కూడా కడతారు.

రెండో ఫిర్యాదు, వెక్కిరింత పాతదన్నది. ఈ మాట అన్నవాళ్ళు మార్ఫ్ కళ్ళజోళ్ళనూ, పార్టీల్లో మాటల్నీ చూసి ఆగిపోయారనిపిస్తుంది. అవి పాతవే. కానీ రొడోరా గోడౌన్ సన్నివేశం ఒకటుంది, చూస్తుండగానే అయిపోతుంది. డీజ్ బొమ్మల్లో కొంత భాగాన్ని బయటికి రానివ్వకుండా స్టోరేజీకి పంపించేస్తుంది. సరుకు తక్కువని నమ్మిస్తేనే ధర నిలబడుతుంది. దీన్ని దర్శకుడు పుట్టించలేదు. శిల్పి డేవిడ్ స్మిత్ 1965లో కారు ప్రమాదంలో పోయేనాటికి 425 శిల్పాలు అమ్ముడుపోకుండా ఉన్నాయి. విడివిడిగా ధర కడితే 42 లక్షల డాలర్లు దాటాయి. పన్ను లెక్కలో ఎగ్జిక్యూటర్లు, అంటే వీలునామాను అమలుచేసే బాధ్యులు, చూపించింది 7 లక్షల చిల్లర. అన్నీ ఒకేసారి బజారుకొస్తే ఈ ధర ఎవడిస్తాడన్నది వాళ్ళ వాదన. 1972లో టాక్స్ కోర్టు ఆ వాదనలో నిజముందని ఒప్పుకుని విలువను 27 లక్షల దగ్గర నిలబెట్టింది. అప్పట్నుంచి పెద్ద చిత్రకారుల ఆస్తి లెక్కల్లో ఈ తగ్గింపు మామూలైపోయింది. గోడౌన్ తలుపు వేసి ఉంటే ఒక ధర, తెరిస్తే ఇంకో ధర అని చట్టమే ఒప్పుకున్నట్టయింది.

రొడోరా పాత్రకు దగ్గరగా వచ్చే అసలు కథ అమెరికన్ చిత్రకారుడు మార్క్ రోత్కోది. 1970 ఫిబ్రవరిలో ఆయన ఆత్మహత్య చేసుకునేనాటికి స్టూడియోలో 798 చిత్రాలున్నాయి. స్నేహితులనుకున్న ముగ్గుర్ని ఎగ్జిక్యూటర్లుగా పెట్టిపోయాడు. మూడు నెలలు తిరక్కుండానే వాళ్ళు 100 చిత్రాల్ని మార్ల్‌బరో గ్యాలరీకి 18 లక్షల డాలర్లకు అమ్మేశారు. అదైనా చేతికొచ్చింది 2 లక్షలే, మిగతాది 12 ఏళ్ళ వాయిదాల్లో, వడ్డీ లేకుండా. మిగిలినవి కూడా అదే గ్యాలరీకి సగం కమీషన్ మీద అమ్మకానికి అప్పగించారు. ఆ ముగ్గురిలో ఒకాయన అదే గ్యాలరీలో పనిచేస్తున్నాడు. ఇంకొకాయన చిత్రకారుడు, తన బొమ్మలకూ ఆ గ్యాలరీ అండ కావాలనుకున్నవాడు. రోత్కో కూతురు కేసు వేసింది. 1975లో కోర్టు ముగ్గుర్నీ తొలగించి, ఒప్పందాలు రద్దుచేసి, 90 లక్షల డాలర్లకు పైగా కట్టమంది. 1977లో పై కోర్టు ఖాయం చేసింది. ఈ కేసులో దెయ్యం లేదు, రక్తం లేదు. చనిపోయినవాడి స్నేహితులు, వకీళ్ళు, సంతకాలు ఉన్నాయి. రొడోరా ఒకప్పుడు పంక్ బ్యాండులో పాడి తర్వాత వ్యాపారంలోకి దిగినట్టు గిల్‌రాయ్ చూపించింది కూడా అందుకే. ఈ పని చేసేవాళ్ళు కళ తెలియని మొరటువాళ్ళు కారు. తెలిసినవాళ్ళే, ఒకప్పుడు దాన్ని ప్రేమించినవాళ్ళే.

గ్రెచెన్ బేరం చిన్నది, కానీ కచ్చితమైనది. మ్యూజియం కోరుకున్న గోళం కావాలంటే మా ఆసామి కొన్న డీజ్ బొమ్మలు కూడా గోడకెక్కాలంటుంది. మ్యూజియం గోడ మీద కొన్నాళ్ళు వేలాడిన బొమ్మకు ధర పెరుగుతుంది, ఆ పెరుగుదల సొంతదారుడి జేబులోకే పోతుంది. 1999లో బ్రూక్లిన్ మ్యూజియం చార్లెస్ సాచీ అనే కళాఖండాల సేకర్త సొంత సేకరణను ప్రదర్శించినప్పుడూ, 2010లో న్యూయార్క్ న్యూ మ్యూజియం తన ట్రస్టీ డాకిస్ జొవానూ సేకరణతో ప్రదర్శన పెట్టినప్పుడూ జరిగిన రభసలో ఇదీ ఒక భాగమే.

ఆ తర్వాత వచ్చే గోళం సన్నివేశం గురించి అందరూ మాట్లాడతారు, మాట్లాడాల్సిందే. మెరిసే పెద్ద లోహపు గోళం, దానికి బెజ్జాలు, చెయ్యి లోపల పెడితే ఒక్కొక్కరికి ఒక్కో అనుభవం. రాత్రిపూట ఎవరూ లేని హాల్లో గ్రెచెన్ చెయ్యి పెడుతుంది. చెయ్యి తెగిపోతుంది. పొద్దున్న మ్యూజియం తెరిచాక స్కూలు పిల్లలు ఆ నెత్తుట్లో తొక్కుకుంటూ తిరుగుతారు, పెద్దవాళ్ళు అదీ ప్రదర్శనలో భాగమే అనుకుంటారు. పాపం కోకో వచ్చి అరిచేదాకా ఎవరికీ తట్టదు.

మ్యూజియం పని తెలిసినవాళ్ళకు ఇక్కడ చిరాకు వస్తుంది, కారణాలూ ఉన్నాయి. కదిలే భాగాలున్న, సందర్శకులు ముట్టుకునే కళాఖండం ప్రదర్శనకు పెట్టేటప్పుడు కరెంటు ఆపే ఎర్ర బటన్ ఎక్కడుండాలో ముందే ఆలోచిస్తారు. మామూలుగా హాల్లో మనిషి కాపలా లేనిదే దాన్ని నడపనివ్వరు, మూసే ముందు కరెంటు తీసేస్తారు. తెరిచే ముందు గార్డులు హాళ్ళు తిరిగి చూస్తారు. మనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అది నున్నని నేలమీద రాత్రంతా పడి ఉంటే తెల్లారేసరికి ఎర్రగా ఉండదు, గాలి తగిలి గోధుమరంగుకు తిరుగుతుంది, అంచులు ఎండి పెచ్చులు లేస్తాయి. వాసన సరేసరి. గిల్‌రాయ్ ఇవన్నీ పక్కన పెట్టేశాడు. పెట్టడం సరైన పనేనని నా అభిప్రాయం. ఎందుకంటే ఆ సన్నివేశానికి కావలసిన ఒక్క నిజం మాత్రం తప్పలేదు: మ్యూజియంలో కనిపించేదాన్ని జనం ప్రశ్నించరు. 2015లో ఇటలీలోని బోల్జానో మ్యూజియంలో ఇద్దరు కళాకారిణులు ఖాళీ షాంపేన్ సీసాలూ, రంగుకాగితాలూ పరిచి ఒక ఇన్‌స్టలేషన్ పెడితే, పొద్దున్నే ఊడ్చేవాళ్ళు రాత్రి పార్టీ చెత్తనుకుని సంచుల్లో నింపేశారు. సినిమాలో డాన్‌డాన్ పియర్స్ స్టూడియోలో చెత్తసంచుల కుప్పను చూసి మైమరచిపోవడం దీనికి తిరగేసిన బొమ్మ.

కళాఖండం మనిషిని చంపడం కూడా దెయ్యాల కథ కాదు. 1971లో మినియాపొలిస్ వాకర్ ఆర్ట్ సెంటర్ దగ్గర రిచర్డ్ సెర్రా ఉక్కు శిల్పాన్ని నిలబెడుతుంటే పలక మీదపడి ఒక పనివాడు చనిపోయాడు. అదే ఏడాది లండన్ టేట్‌లో రాబర్ట్ మారిస్ జనాన్ని ఎక్కి ఊగమని పెట్టిన చెక్క కట్టడాలను, దెబ్బలు తగలడంతో కొద్దిరోజులకే మూసేశారు. 2006లో శిల్పి లూయిస్ హిమెనెజ్ డెన్వర్ విమానాశ్రయం కోసం చేస్తున్న భారీ నీలిగుర్రంలో ఒక భాగం జారి, ఆయన కాలిమీదపడి రక్తనాళం తెగి, తన స్టూడియోలోనే ప్రాణం పోయింది. రెండేళ్ళ తర్వాత ఆ గుర్రాన్ని నిలబెట్టారు, ఇప్పటికీ అక్కడే ఉంది. బరువు, తాళ్ళు, తొందర, సరిపోని మనుషులు: నిజం ప్రమాదాలకు ఇవే కారణాలు. ఇందుకే, డీజ్ బొమ్మల్ని బండిలో స్టోరేజీకి తీసుకెళ్ళే రొడోరా పనివాడు బ్రైసన్ సన్నివేశం కూడా కొట్టిపారేయలేం. బొమ్మల రవాణాకు ఇద్దరు డ్రైవర్లు, కుదుపులు తగ్గించే ఎయిర్ సస్పెన్షన్, 20 డిగ్రీల చుట్టూ ఉష్ణోగ్రత, 50 శాతం చుట్టూ తేమ, ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ బొమ్మ ఏ స్థితిలో ఉందో ఫొటోలతో రాసే కండిషన్ రిపోర్టు ఉండాలి. రొడోరా ఒంటరిగా ఒక్కణ్ణి పంపింది. వాడు బండిలో సిగరెట్టు ముట్టించాడు. ఒక పెట్టె కాజేద్దామనుకున్నాడు. ఇన్స్యూరెన్సు కంపెనీలు ప్రతి షరతూ ఇలాంటి మనిషిని దృష్టిలో పెట్టుకునే రాస్తాయి.

సినిమా వచ్చిన పది నెలలకు, 2019 డిసెంబరులో, సినిమా మొదలయ్యే మయామీ ఆర్టు సంతలోనే మౌరిజియో కాటెలాన్ అనే కళాకారుడు గోడకు టేపుతో అంటించిన అరటిపండు 1,20,000 డాలర్లకు అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళ చేతికి వచ్చేది పండు కాదు, దాన్ని ఎలా అంటించాలో చెప్పే కాగితం, సర్టిఫికెట్టు. 2024లో ఆ కాపీల్లో ఒకటి వేలంలో 62 లక్షల డాలర్లు పలికింది. అంతకుముందు 2018 అక్టోబరులో లండన్ వేలంలో 10.4 లక్షల పౌండ్లకు పోయిన, బ్యాంక్సీ అనే వీధి చిత్రకారుడి బొమ్మ, వేలం సుత్తి దెబ్బ పడగానే చట్రంలో దాచిన యంత్రంలో సగం చీలికలైంది. కొన్నావిడ వెనక్కివ్వలేదు. మూడేళ్ళకు ఆ చీలికల బొమ్మే 1.85 కోట్ల పౌండ్లకు అమ్ముడైంది. గ్రెచెన్ నెత్తుటిని జనం కళ అనుకోవడం అతిశయోక్తి అన్నవాళ్ళు ఈ రెండు అమ్మకాల్నీ పక్కన పెట్టుకుని ఆ సన్నివేశం మళ్ళీ చూడాలి.

ఇప్పుడు సినిమా నిజంగా తప్పిన చోటు. విమర్శకుడి శక్తిని పెంచి చూపించారన్నది చిన్న తప్పే. మార్ఫ్ ఒక్క రివ్యూతో ఒకరి బతుకు కూల్చేసే రోజులు 2019 నాటికే పోయాయి. ధర తేల్చేది కొనేవాళ్ళ పేర్లు, మ్యూజియం గోడలు, వేలం రికార్డులు. పెద్ద తప్పు డీజ్ జీవితకథ. దర్యాప్తు చేస్తే తండ్రి హింస, పిచ్చాసుపత్రి, హత్య, రంగులో కలిపిన సొంత రక్తం, అన్నీ వరసగా బయటపడతాయి. రక్తం సంగతి సాంకేతికంగా తప్పు కాదు. రక్తంలోని ప్రొటీను రంగును పట్టి ఉంచగలదు. ప్రయోగశాలలో సూదిమొనంత పెచ్చు తీసి పరీక్షిస్తే ఆ ప్రొటీను దొరుకుతుంది. మార్క్ క్విన్ 1991లో తన రక్తమే సుమారు 4.5 లీటర్లు గడ్డకట్టించి సొంత తల శిల్పం చేశాడు, అది ఫ్రీజర్ యూనిట్లోనే బతుకుతుంది. కానీ ఎండిన రక్తం గోధుమరంగుకు మారిపోతుంది కాబట్టి డీజ్ బొమ్మలు అంత నిగనిగలాడకూడదు.

అసలు బాధ అది కాదు. డీజ్ తన బొమ్మల్ని ఎందుకు వద్దనుకున్నాడో సినిమాకు పట్టలేదు. హింసలో పెరిగిన పిచ్చివాడు, హంతకుడు, కాబట్టి బొమ్మల్లో దెయ్యం అని ముగించేసింది. రొడోరా గ్యాలరీలో బొమ్మ పక్కన అంటించే కాగితం మీద కూడా సరిగ్గా ఇదే కథ ఉంటుంది, అదే బొమ్మకు ధర తెస్తుంది. ఎవరికీ చూపించకుండా దశాబ్దాలు పనిచేసిన మనిషికి పిచ్చి అంటగట్టనవసరం లేదు. చూపించకపోవడం ఒక నిర్ణయం కావచ్చు. గిల్‌రాయ్‌కు ఈ సంగతి తెలుసు. ఆయన రాసిన ఒక సూపర్‌మ్యాన్ స్క్రిప్టు సినిమా కాకుండానే ఆగిపోయింది. ఆ అనుభవం నుంచే ఈ కథ ఆలోచన పుట్టిందని ఆయనే చెప్పాడు. అందుకే చివర్లో పియర్స్ సముద్రపు ఒడ్డున ఇసుకలో గీస్తుంటే అలలు చెరిపేస్తుంటాయి. బతికున్న పియర్స్‌కు ఇచ్చిన ఆ స్వేచ్ఛ చచ్చిన డీజ్‌కు ఇవ్వలేదు. ‘ఒక్క మంచి మనిషీ లేడు’ అన్న ప్రేక్షకుల ఫిర్యాదులో నిజం ఇక్కడుంది. మనం పక్షం వహించాల్సిన మనిషి డీజ్. సినిమా అతన్ని మనకు దక్కనివ్వలేదు.

మన దగ్గర బొమ్మలు వేసేవాళ్ళు ఈ సినిమా చూస్తే కొన్ని సంగతులు గుర్తుపెట్టుకోవాలి. కాలిఫోర్నియాలోలాగా సాక్షులు లేని చేతిరాత కాగితం మన దేశంలో మామూలుగా వీలునామాగా చెల్లదు. భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే గొడవలు తగ్గుతాయి. వారసులే లేకపోతే రాజ్యాంగం 296వ అధికరణం కింద ఆస్తి ప్రభుత్వానికి పోతుంది. 1957 కాపీరైటు చట్టం 20వ సెక్షన్ చాలామందికి తెలియదు: బతికుండగా ప్రచురించని బొమ్మను వీలునామాలో ఎవరికైనా రాసిస్తే, వేరేగా చెప్పకపోతే, కాపీరైటు కూడా వాళ్ళకే వెళ్ళిపోతుంది. బొమ్మ మేనల్లుడికి, అచ్చు హక్కు కూతురికి అనుకుంటే ఆ మాట విడిగా రాయాలి. 57వ సెక్షన్ కింద చిత్రకారుడికి నైతిక హక్కులున్నాయి, అంటే అమ్మేశాక కూడా తన పనిని పాడుచేస్తే అడిగే హక్కులాంటివి. విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో పీకి పాడుచేస్తే, 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు ఆయనకు తిరిగిచ్చి 5 లక్షల పరిహారం కట్టమంది. అందుకు పాతికేళ్ళు పట్టింది.

కాబట్టి స్టూడియోలో ఒక రిజిస్టరు పెట్టుకోవాలి. ప్రతి పనికీ ఒక నంబరు, పేరు, సంవత్సరం, కొలతలు, వాడిన రంగులు, ముందువైపు వెనకవైపు ఫొటో, ఇప్పుడెక్కడుంది, గ్యాలరీకిస్తే ఏ షరతు మీద ఇచ్చారు. ఎగ్జిక్యూటర్‌గా బొమ్మలు అమ్మేవాణ్ణి పెట్టకూడదు, రోత్కో కేసు చాలు. పూర్తికాని పనులు, చిత్తు స్కెచ్చులు బయటికి రావాలా వద్దా అన్నది విడిగా రాయాలి. ఏదైనా నిజంగా ఉండకూడదనుకుంటే బతికుండగా, మీ చేత్తో మీరే చింపేయాలి. ఆ పని ఇంకొకరికి అప్పగిస్తే జరుగుతుందన్న భరోసా చట్టం ఇస్తుందనుకోలేం.

చివరి సన్నివేశం మీద ఒక మాట. బ్రైసన్ బండిలోంచి పోయిన డీజ్ బొమ్మల్ని రోడ్డు పక్కన ఒకతను ఒక్కోటి 5 డాలర్లకు అమ్ముతుంటాడు, ఊరు విడిచి వెళ్తున్న కోకో చూస్తుంది. శాపం ఊరిమీద పడిందని కొందరు, కళ మామూలు జనానికి చేరిందని కొందరు అర్థం చెప్పారు. రెండోది వినడానికి బాగుంటుంది గానీ, ఆ 5 డాలర్ల బొమ్మ కూడా దొంగసొత్తే. అమెరికాలో దొంగ నుంచి చేతులు మారిన వస్తువుకు, అమాయకంగా కొన్నా సరే, హక్కు రాదు. గ్యాలరీల దగ్గరా, వేలం సంస్థల దగ్గరా ఉన్న దొంగ కళాఖండాల మీద కేసు వెయ్యడానికి కాలిఫోర్నియా 2010లో గడువును, అసలు సంగతి తెలిసిన రోజు నుంచి, ఆరేళ్ళకు పెంచింది. కోట్లు పెట్టి కొన్న గ్రెచెన్ ఆసామి, 5 డాలర్లకు కొన్న దారిన పోయే మనిషి, చట్టం ముందు ఒకే చోట నిలబడతారు. ఇద్దరి ఇళ్ళలో గోడకున్నదీ, ఎవరికీ చూపించొద్దన్న మనిషి బొమ్మే.